ఒక్క ఇటుక

"అన్నయ్యగారి తెలివికి ఒక నమస్కారం. ఆ తెలివిని దాచుకోకుండా అందరికీ పంచుతున్నందుకు ఇంకో నమస్కారం," అంది అత్త, గొంతులో పంచదార ఒలకబోస్తూ.

"చెల్లెమ్మగారికి కోపం వచ్చినట్టుంది," అన్నాడు నాన్న, అంతకంటే తియ్యగా. "వస్తే భోజనం మానెయ్యమనండి. నాకు కూర కలిసొస్తుంది."

"కన్నకూతుర్ని ఒక్క మాటైనా అడక్కుండా వాళ్ళని ఫోన్లో రమ్మనేశారు. తమబోటి పెద్దలకి కూరేమిటండీ, సన్మానం చెయ్యాలి."

"చేయించుకుంటాను. రేపు మధ్యాహ్నం వాళ్ళొచ్చాక, వాళ్ళ ఎదురుగానే చెయ్యి."

"అప్పటిదాకా నన్ను బతకనిస్తే తప్పకుండా చేస్తాను. ఆ మంచినీళ్ళు కాస్త ఇటు జరిపి పుణ్యం కట్టుకోండి."

ఇద్దరి మధ్యా కూర్చున్న చుక్క, కలిపిన అన్నం కలిపినట్టే ఉంచుకుని పళ్ళెంలోకి చూస్తోంది. చుక్క ఆ పిల్ల అసలు పేరు కాదు. చిన్నప్పుడు కుంచె చేతికి దొరికితే చాలు, గోడకీ గిన్నెకీ పడుకున్న పిల్లికీ కూడా చుక్కలు పెట్టేసేది. ఇప్పుడు నాన్న చేసే పింగాణీ పళ్ళేల అంచుల మీద నీలం చుక్కలు పెడుతుంది. పని మారలేదు, పిల్లి మాత్రం బతికిపోయింది.

అన్నాచెల్లెళ్ళు ఇలా మర్యాదగా తిట్టుకోవడం నిన్న పొద్దున బట్టీలో మంట ఆర్పిన దగ్గర్నుంచీ నడుస్తోంది. ఆ ఇంటి నియమం అది. బట్టీ వేడిగా ఉన్నంతసేపూ ఎవరూ గొంతు పెంచకూడదు, చెడ్డమాట అనకూడదు, చెడ్డ కబురు చెప్పకూడదు. తెరిచి సరుకు బయటికి తీశాక మీ ఇష్టం, జుట్టూ జుట్టూ పట్టుకోండి. మాటలకి పింగాణీ పగులుతుందని తాతగారు నిజంగానే నమ్మాడో, సెగ దగ్గర పనిచేసేవాళ్ళకి నోరైనా చల్లగా ఉండాలనుకున్నాడో ఎవరికీ తెలియదు. ఆయన పోయి ఎన్నో ఏళ్ళయినా నియమం మాత్రం పోలేదు.

ఒకే ఒక్కసారి తప్పారు. దాని ఫలితం పెరటి మధ్యలో నిలువెత్తు గోడగా ఇప్పటికీ కనిపిస్తోంది.

గోడకి అవతలుండే ఆయన కప్పులు చేస్తాడు. ఒకప్పుడు నాన్నకి భాగస్వామి, ప్రాణస్నేహితుడు. "బావా" అంటే "బావా" అనుకునేవాళ్ళు. చుక్కకి ఆయన మామయ్య. ఓసారి బట్టీ తెరవబోతుంటే ఆయన "ఇంకాసేపు ఆగుదాం బావా" అన్నాడు. నాన్నకి ఒళ్ళు మండింది. "నీకు ప్రతిదానికీ భయమే, పిరికి మొహమా" అన్నాడు. ఆయన ఇంకోటి అన్నాడు. ఈయన దానిమీద ఇంకోటి అన్నాడు. వారం తిరిగేసరికి గోడ లేచింది. చక్రాలు, బల్లలు, మట్టి తొట్లు అన్నీ పంచుకున్నారు. సగం బట్టీ ఎవరికీ పనికిరాదు కాబట్టి గోడ దాని దగ్గరకొచ్చి ఆగిపోయింది. ఓ వారం వీళ్ళు కాల్చుకుంటారు, ఓ వారం వాళ్ళు. అప్పట్నించీ ఈ ఇంట్లో ఆయన పేరు గోడవతలాయన.

ఇన్నేళ్ళలో మొదటిసారి రెండిళ్ళ సరుకూ కలిపి కాల్చారు. ఊళ్ళో పెద్ద పింగాణీ షోరూం నడిపే ఆయన ఓ కొత్త హోటలు కోసం ఆర్డరిచ్చాడు. పళ్ళేలు వీళ్ళవి, కప్పులు వాళ్ళవి. రెంటికీ ఒకే రంగు, ఒకే మెరుపు రావాలంటే ఒకే మంటలో కాలాలి. ఆ షోరూం ఆయనే తన కొడుక్కి చుక్కని చేసుకుంటానన్నాడు. రేపు మధ్యాహ్నం కుటుంబంతో వస్తున్నాడు. మాట ఇచ్చిపుచ్చుకుని, సాయంత్రం బట్టీ తెరుస్తుంటే దగ్గరుండి చూసి వెళతారట.

నాన్న మాట ఇస్తే వెనక్కి తీసుకునే మనిషి కాదు. పోయిన నెల రిజిస్ట్రారు ఆఫీసులో చుక్క గోడవతలాయన కొడుకుని పెళ్ళి చేసుకుందనీ, సాక్షి సంతకం పెట్టింది ఎదురుగా కూర్చుని తియ్యగా తిడుతున్న తన చెల్లెలేననీ ఆయనకి తెలియదు.

"నాన్నా, నీకో మాట చెప్పాలి," అంది చుక్క.

అత్త చేతిలో గరిటె ఆగిపోయింది.

"మంచి మాటేనా?" అన్నాడు నాన్న నవ్వుతూ. "మంచిదైతే ఇప్పుడే చెప్పు తల్లీ. కాకపోతే బట్టీ తెరిచాక చెప్పు, ఎంత చెప్పినా వింటాను."

చుక్క నోరు తెరిచింది. అత్త గబుక్కున దాని పళ్ళెంలో ఇంత కూర వడ్డించింది.

"ఆ అబ్బాయి మంచివాడమ్మా," నాన్న తనకి తోచింది తను చెప్పుకుపోతున్నాడు. "పళ్ళెం తీసి చూడాలంటే రెండు చేతులతో పట్టుకుంటాడు. నేను గమనించాను. అలాంటివాడు మనిషినీ జాగ్రత్తగానే చూసుకుంటాడు. మీ అమ్మ జీవితమంతా ఈ సెగలోనే గడిచిపోయింది. నువ్వైనా హాయిగా ఫ్యాను కింద కూర్చుని, నాలాంటివాడు తెచ్చిన సరుకుకి వంకలు పెట్టాలి. అది చూడాలని ఉంది నాకు."

అలా అన్న తండ్రితో ఏమని చెబుతుంది?

"తెరిచాకే చెబుతాలే నాన్నా," అంది చుక్క. ఆయన సంతోషంగా మజ్జిగ గ్లాసు ఎత్తి గటగటా తాగేశాడు.

కథ చెబుతున్న నాకు ఈ పిల్ల మీద కోపం రావడం ఇది మొదటిసారి కాదు. కానీ ఆ పూట ఆ ఇంట్లో అందరూ కడుపునిండా తిన్నారు, నవ్వుకున్నారు. అలాంటి పూటని పాడుచెయ్యడం ఎవరికైనా కష్టమే.

*

వంటింట్లో గిన్నెలు సర్దుతూ అత్త గుసగుసగా మొదలుపెట్టింది.

"ఇవాళ నోరు విప్పావో, రేపు ఒక్క పళ్ళెం పగిలినా నీ మాట వల్లే పగిలిందంటాడు మీ నాన్న. బతికున్నన్నాళ్ళూ అంటాడు. నాకు తెలుసు ఆయన సంగతి."

"మరి ఏం చెయ్యమంటావ్ అత్తా?"

"తెరిచీ తెరవగానే చెప్పెయ్. సరుకు బాగా వచ్చిందంటే మనిషి మెత్తబడతాడు. ఆ గోడవతలాయన కూడా పక్కనే ఉంటాడు. ఇద్దరికీ ఒకేసారి చెప్పేస్తే నాకు తిరుగుడు తప్పుతుంది."

"తెరిచేది సాయంత్రం. వాళ్ళొచ్చేది మధ్యాహ్నం."

"అయితే?"

"తెరిచేలోపలే నాన్న మాట ఇచ్చేస్తాడు కదత్తా!"

అత్త చేతిలోని గిన్నె కింద పెట్టి కూలబడింది. ఇంత చిన్న లెక్క తనకి తట్టనందుకు ఆవిడకి తనమీద తనకే చిరాకేసింది.

"నా బుర్రకి ఏమైందే? సంతకం పెట్టమంటే పెట్టాను. ఇవన్నీ ముందే చెప్పొద్దూ?" అంది. కాసేపాగి, "ఆ బూడిదబాబుని అడుగు. పెళ్ళాం వచ్చాక కూడా నా బుర్రే వాడుకుంటారా మీరు?" అంది.

గోడవతలాయన కొడుక్కి అత్త పెట్టిన పేరది. బట్టీలో మంట చూసే పని అతనిదే. ఎంత తోముకున్నా కనుబొమల్లో బూడిద మిగిలిపోతుంది.

*

సాయంత్రం బట్టీ పాకలో ఇద్దరు పెద్దమనుషులూ పక్కపక్కనే నిలబడి ఉన్నారు. మధ్యలో అత్త. వాళ్ళు మాట్లాడుకోరు కాబట్టి ఆవిడ ఉండక తప్పదు.

"గోడవతలాయనకి చెప్పు, లోపల సెగ ఇంకా బాగా కొడుతోందని," అన్నాడు నాన్న.

"మీ అన్నయ్యకి చెప్పమ్మా, నాకూ చర్మం ఉంది, తెలుస్తోందని. మర్యాదగానే అన్నానని కూడా చెప్పు."

"ఆయన కప్పుల పిడులు ఈసారి చక్కగా కుదిరాయని చెప్పు. కాల్చకముందు చూశాను."

గోడవతలాయన గొంతు సవరించుకున్నాడు. "చుక్క పెట్టిన నీలం చుక్కలు... వాటి పక్కన కప్పులు పెడితే కప్పులకే అందం వచ్చిందని చెప్పు."

"ఇద్దరికీ కలిపి నేనొకటి చెబుతాను," అంది అత్త. "అటు తిప్పి ఇటు తిప్పి నా మెడ పట్టేసింది. మీ ఇద్దరిలో ఎవరు మర్దనా చేస్తారో తేల్చుకోండి."

ఇద్దరూ ఒకేసారి నవ్వారు. నవ్వి, ఎదుటివాడు కూడా నవ్వాడని గ్రహించి, ఒకరి మొహం ఒకరు చూసుకుని, ఎవరి ఇంట్లోకి వాళ్ళు జారుకున్నారు. అత్త చుక్క వైపు చూసి కనుబొమలెగరేసింది. చూశావా, మంచు కరుగుతోంది అన్నట్టు.

పాకలో చుక్కా, బట్టీకి కాపలా ఉన్న బూడిదబాబూ మిగిలారు.

విషయం విని అతను చేతిలోని గుడ్డ పక్కన పడేశాడు. తర్వాత, "పద, ఇద్దరం ఇప్పుడే వెళ్ళి చెప్పేద్దాం," అన్నాడు.

"బట్టీ వేడిగా ఉంది."

"అవును కదూ," అన్నాడతను, గొంతు తగ్గించి.

ఇంకెవరి పిల్లలైనా అయితే నియమం సంగతి తర్వాత చూసుకుందామని ఆ నిమిషమే వెళ్ళి నిజం చెప్పేవాళ్ళు. వీళ్ళు బట్టీ ఇళ్ళ పిల్లలు. పెద్దవాళ్ళకి తెలియకుండా పెళ్ళి చేసుకునే ధైర్యం వీళ్ళకి ఉంది. వేడి బట్టీ ఉండగా చెడ్డ కబురు చెప్పే ధైర్యం మాత్రం ఇద్దరిలో ఒక్కరికీ లేదు. అందుకే వీళ్ళకి తప్ప ఇంకెవరికీ తట్టని ఆలోచన తట్టింది.

"పొద్దున్నే తెరిచేలా చేస్తే?" అన్నాడతను.

"నువ్వు ఊదితే చల్లారుతుందా?"

"వెనకవైపు పైవరసలో ఒక ఇటుక తీస్తే చల్లారుతుంది. ఒక్కటే. తెల్లారగానే మళ్ళీ పెట్టేస్తాను. మీ నాన్న పొద్దున చెయ్యి పెట్టి చూస్తాడు, చల్లారిపోయింది అంటాడు. తెరుస్తారు. సరుకు చూసి సంతోషపడతారు. అప్పుడు చెబుదువుగాని. మధ్యాహ్నానికి నేనే ఇంటల్లుణ్ణి, షోరూం వాళ్ళకి నేనే కుర్చీలు వేస్తాను."

"చల్లగాలికి పైపూత చిట్లితే?"

"ఒక్క ఇటుకకి ఏం చిట్లదు. అంత భయమైతే సగమే బయటికి లాగుతాలే."

"సగం తీస్తే నేను సగమే చెప్పాలి మా నాన్నతో," అంది చుక్క. ఇద్దరికీ నవ్వాగలేదు. నోళ్ళు మూసుకుని నవ్వారు.

చుక్క బల్ల పట్టుకుంటే అతనెక్కి ఇటుక లాగాడు. వేడిగాలి రివ్వున మొహాలకి కొట్టింది. తీసిన ఇటుకని గుడ్డలో చుట్టి గోడ పక్కన పెట్టాడు. పని అయిపోయినా చుక్కకి వెళ్ళాలనిపించలేదు. పెళ్ళయ్యాక ఇద్దరూ కలిసి ఇంతసేపు కూర్చోవడమే మొదటిసారి.

"గోడ మొత్తం తీసేస్తారా, తలుపు పెడతారా?" అంది.

"తలుపే మంచిది. మీ అత్తకి కోపమొస్తే వేసుకోవడానికి."

"తలుపు ఎటువైపు తెరుచుకోవాలి?"

"మీవైపు. మా నాన్న నెట్టుకుంటూ వస్తాడు, మీ నాన్న లోపలికి రమ్మంటాడు."

చుక్క అతని కనుబొమ మీది బూడిద వేలితో తుడిచింది. అది పోలేదు. ఇంత సుఖంగా తను ఎన్నడూ లేననిపించింది ఆ పిల్లకి. అబద్ధం కాదు, నిజంగానే ఎన్నడూ లేదు.

*

పొద్దున నాన్న మంట చూసే కన్నం దగ్గర అరచెయ్యి పెట్టాడు. తీశాడు. మళ్ళీ పెట్టాడు.

"ఇదేమిటే, అప్పుడే చల్లబడిందే!"

"గాలి మారింది కదా అన్నయ్యా," అంది అత్త. గాలికీ దానికీ సంబంధం లేదని ఆవిడకీ తెలుసు. పిల్లలు ఏం చేశారో మాత్రం తెలియదు. పొద్దున్నే తెరుస్తారన్న సంతోషంలో నోటికొచ్చింది అనేసింది.

నాన్నకీ అనుమానం రాకపోలేదు. ఇన్నేళ్ళ అనుభవం ఆయనది. కానీ షోరూం వాళ్ళు వచ్చేసరికి సరుకంతా తుడిచి, బల్లల మీద పరిచి చూపించాలని ఆయనకి ఉంది. చల్లబడిందనే నమ్మాలనుకున్నాడు, నమ్మాడు.

గోడవతలాయన కూడా వచ్చి చెయ్యి పెట్టి చూశాడు. ఆయన మొహం కొంచెం ముడుచుకుంది. ఇంకాసేపు ఆగుదాం అనబోయాడు. ఆ మాటే ఇద్దరి మధ్యా గోడ కట్టింది. ఇన్నేళ్ళకి పక్కన నిలబడ్డ మనిషితో మొదటి మాటగా మళ్ళీ అదే అంటానా అనుకున్నాడు. ఆ మంచి మనిషి పెదవులు బిగించుకుని ఊరుకున్నాడు.

చేతులకి మందపాటి గుడ్డలు చుట్టుకుని ముందరి ఇటుకలు తీశారు.

అందరూ ఒకేసారి లోపలికి తొంగిచూశారు. పళ్ళేలు తెల్లగా మిలమిలా మెరుస్తున్నాయి. అంచుల్లో నీలం చుక్కలు పెట్టినప్పటి కన్నా ముదురు రంగు తిరిగి నిండుగా ఉన్నాయి. కప్పుల్లో ఒక్కటి కూడా వంకర పోలేదు. బూడిదబాబు ఒక్కొక్కటే అందిస్తుంటే, చుక్క బల్లల మీద పేర్చుకుంటూ వెళ్ళింది. పెరడంతా తెల్లగా అయిపోయింది.

"గోడవతలాయనకి చెప్పు..." అని నాన్న మొదలుపెట్టాడు.

"నాకు పొయ్యి మీద పాలున్నాయి. మీరే చెప్పుకోండి," అంటూ అత్త విసవిసా వెళ్ళిపోయింది. పొయ్యి మీద పాలూ లేవు, నీళ్ళూ లేవు.

ఇద్దరు పెద్దమనుషులూ ఎదురెదురుగా మిగిలారు. నాన్న ఒక కప్పు తీసుకుని అటు తిప్పి ఇటు తిప్పి చూశాడు. దాని అడుగు చూశాడు. పిడి చూశాడు. ఇంక చూడ్డానికి ఏమీ మిగల్లేదు.

"కప్పులు బాగా వచ్చాయి," అన్నాడు. కప్పు మళ్ళీ బల్ల మీద పెట్టి, "బావా," అన్నాడు.

గోడవతలాయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. దాచుకునే ప్రయత్నం కూడా చెయ్యలేదు.

"పళ్ళేలు ఇంకా బాగా వచ్చాయి బావా."

అంతే. అత్త వంటింటి కిటికీ దగ్గర చెంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. చుక్కకి కాళ్ళు నేల మీద ఆనలేదు.

అత్త ఈసారి నిజంగానే పొయ్యి వెలిగించి టీ పెట్టింది. అప్పటికి గాలికి చల్లబడ్డ కొత్త కప్పులు కడిగి, అందులోనే పోసిచ్చింది. ఇద్దరూ ఇటుకల కుప్ప మీద భుజం భుజం ఆనించుకుని కూర్చున్నారు. ఇన్నేళ్ళ కబుర్లు మాట్లాడాలని ఇద్దరికీ ఉంది, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక మోకాళ్ళ నొప్పుల దగ్గర మొదలుపెట్టారు.

అతను దూరం నుంచి చుక్కకి కళ్ళతో సైగ చేశాడు. ఇప్పుడు చెప్పు.

చుక్క తల ఊపింది. రెండడుగులు ముందుకి వేసింది.

"నీ మోకాలు ఏదిరా, ఎడమదా?" అంటున్నాడు నాన్న. "నాదీ ఎడమదే! చూశావా, పంచుకున్నప్పుడు కూడా సరిగ్గా పంచుకోలేదు మనం."

గోడవతలాయన పొట్ట పట్టుకుని నవ్వాడు. నాన్న అలా నవ్వించడం చుక్క చిన్నప్పుడు చూసింది, మళ్ళీ ఇప్పుడే చూస్తోంది.

ఈ టీ తాగనీ అనుకుంది చుక్క. టీ తాగేదాకా ఆగితే ఏం మునిగిపోతుంది?

"చుక్కకి సంబంధం వచ్చిందటగా," అన్నాడు గోడవతలాయన. "మంచి కుటుంబం బావా. నా మేనకోడలి పెళ్ళికి మొత్తం కప్పులు నేనే చేసిస్తాను. వద్దన్నావంటే మళ్ళీ గోడ కట్టేస్తాను."

"వద్దనను. ఈ గోడే రేపు పడగొడదాం. పిల్లని నువ్వూ నేనూ కలిసి పంపిద్దాం."

చుక్క వేసిన అడుగు వెనక్కి తీసుకుంది. మామయ్యే అలా అన్నాక ఇంకెలా మొదలుపెట్టాలి? కాస్త ఆగితే మాట దొరుకుతుందని నిలబడిపోయింది.

అప్పుడు బల్లల మీంచి చిన్న చప్పుడు వినపడింది. టింగ్.

గోడవతలాయన నవ్వు ఆపాడు. చేతిలోని కప్పుని తన చెవి దగ్గర పెట్టుకున్నాడు. ఇంకో బల్ల మీంచి టింగ్ మంది. తర్వాత ఇటునుంచి. కాసేపటికి పెరడంతా సన్నగా మోగడం మొదలైంది. తెలియనివాళ్ళు వింటే ఎంత బాగుందో అనుకుంటారు. ఆ పెరట్లో తెలియనివాళ్ళు లేరు.

నాన్న తన చేతిలోని కప్పులోకి చూశాడు. తెల్లటి పూత అడుగున గోధుమరంగు గీతలు సన్నగా పాకుతున్నాయి. చిట్లిన చోటల్లా టీ దిగిపోతోంది. లేచి వెళ్ళి ఒక పళ్ళెం ఎండకి పెట్టి చూశాడు. తర్వాత ఇంకోటి. తర్వాత చూడ్డం మానేశాడు.

"గాలి తగిలింది," అన్నాడు మెల్లగా. "వేడిగా ఉండగా లోపలికి గాలి పోయింది. నిన్నట్నించి బట్టీ చూస్తున్నది ఎవరు?"

"నా కొడుకు. తెరవమన్నది నువ్వు," అన్నాడు గోడవతలాయన. "నేను ఆగుదామనుకున్నాను."

"అనుకుంటే నోటితో అనొచ్చుగా!"

"అంటే ఏమైందో మర్చిపోయావా? పిరికి మొహమా అన్నావు! ఇన్నేళ్ళుగా నిద్రలో కూడా వినపడుతోంది నాకు ఆ మాట!"

"వినపడితే బుద్ధి రావద్దూ? మంట చూసేవాడికి బాధ్యత నేర్పొద్దూ?"

బట్టీ తెరిచేశారు కాబట్టి ఇంక ఏ మాటకీ అడ్డు లేదు. ఇద్దరి గొంతులూ వీధి చివరిదాకా వినపడుతున్నాయి. అత్త మధ్యకి వచ్చింది కానీ ఈసారి ఆవిడ ద్వారా మాట్లాడాల్సిన అవసరం ఎవరికీ లేకపోయింది.

"నేనే," అన్నాడతను. "వెనక పైవరసలో ఒక ఇటుక నేనే తీశాను."

ఇద్దరూ అతని వైపు తిరిగారు.

"ఎందుకురా?" అన్నాడు గోడవతలాయన.

అతను చుక్క వైపు చూశాడు. చుక్క పెదవులు కదిలాయి. నిన్న చెప్పాల్సింది ఒక్క మాట, పెళ్ళి చేసుకున్నానని. ఇప్పుడు దానితోపాటు ఈ నాశనం కూడా మా పెళ్ళి కోసమే చేశామని చెప్పాలి. నాన్న చేతిలో ఆ కప్పు ఇంకా అలాగే ఉంది. పిల్ల కళ్ళు ఆ కప్పు మీదే ఉన్నాయని అతను చూశాడు. చూసి, ఆమెకి కాస్త ఊపిరి తీసుకునే వ్యవధి ఇద్దామనుకున్నాడు.

"ఏం లేదు నాన్నా. తొందరపడ్డాను. త్వరగా చల్లారితే బాగుంటుంది కదా అని."

గోడవతలాయన కొడుకు దగ్గరకి నడిచి, చేతులకున్న గుడ్డలు తనే విప్పి తీసుకున్నాడు. "ఇక నువ్వు బట్టీ దగ్గర కనపడొద్దు. నాకూ కనపడొద్దు," అన్నాడు. కొట్టి ఉంటే నయంగా ఉండేది. అతను గోడ పక్కనుంచి నడిచి వీధిలోకి వెళ్ళిపోయాడు. వెనక్కి తిరిగి చూశాడు కూడా. అప్పటికీ చుక్క నోట్లోంచి మాట రాలేదు. గోడవతలాయన తన కప్పుల వంక చూడకుండానే లోపలికి పోయి తలుపేసుకున్నాడు.

పెరట్లో టింగ్ టింగ్ మంటూనే ఉంది.

నాన్న ఇటుకల కుప్ప మీద కూర్చున్నాడు. ఒక్క పూటలో మనిషి ముసలివాడైపోయాడు. చుక్క వెళ్ళి ఆయన కాళ్ళ దగ్గర కూర్చుంది. గుమ్మంలోంచి అత్త పెదవులతోనే చెప్పవే, చెప్పవే అంటోంది.

"నాన్నా..."

"ఏడవకు తల్లీ." ఆయన దాని తల మీద చెయ్యి వేశాడు. కోపమంతా ఎటు పోయిందో, చెయ్యి మెత్తగా ఉంది. "సరుకు పోయింది. బావ దొరికినట్టే దొరికి మళ్ళీ పోయాడు. ఈ ఇంట్లో చిట్లకుండా మిగిలింది నువ్వొక్కదానివే. నీ జీవితం చక్కబడితే నాకు ఇవేవీ లెక్కలోకి రావు. మధ్యాహ్నం వాళ్ళొస్తారు. వెళ్ళు, ముఖం కడుక్కో."

అత్త గుమ్మం పట్టుకుని నిలబడిపోయింది.

"సరే నాన్నా," అంది చుక్క. లేచి, నీళ్ళ తొట్టి వైపు నడిచింది.